పొగ వచ్చిందని బోరు చేయించకండి: పాత బుల్లెట్ మీద అపోహలు, వాస్తవాలు

పోయిన ఆదివారం మళ్లీ అదే కథ. ఒక కుర్రాడు వాళ్ల నాన్న 1986 మోడల్ బుల్లెట్‌ని ట్రాలీ ఆటోలో వేసుకుని వచ్చాడు. దిగీ దిగగానే, "అన్నా, బోరు చేయించాలట. పిస్టన్ ఏ కంపెనీది కొనమంటారు?" అన్నాడు. బండికి ఏమైంది తమ్ముడూ అంటే, "స్టార్ట్ చేస్తే సైలెన్సర్‌లోంచి మునిసిపాలిటీ దోమల బండి వచ్చినట్టు పొగ" అన్నాడు. ఎన్నాళ్లకి స్టార్ట్ చేశావని అడిగితే కాసేపు ఆగి, "నాన్న పోయాక ఇదే మొదలు. ఎనిమిది నెలలు" అన్నాడు.

ఈ చివరి మాట ఎవరైనా ముందే అడిగుంటే బోరు మాట వచ్చేదే కాదు. బోరు చేయించడమంటే సిలిండర్ లోపలి గోడని లేత్ మీద కోసి కాస్త వెడల్పు చేసి, పెద్ద పిస్టన్ వేయడం.

అపోహ: పొగ వస్తే బోరు పోయినట్టే.

పాత ఇనప బ్యారెల్ (సిలిండర్) బుల్లెట్‌లో ఆయిల్ ట్యాంకు విడిగా వేలాడదు, ఇంజిన్ అడుగు పెట్టె అయిన క్రాంక్‌కేస్‌తో కలిపే పోత పోసి ఉంటుంది. బండి వారాల తరబడి కదలకపోతే ఆ ఆయిల్ అరిగిన పంపు సందుల్లోంచి మెల్లగా క్రాంక్ తిరిగే గదిలోకి దిగిపోతుంది. స్టార్ట్ కాగానే అది పిస్టన్ రింగులు దాటి పైకెక్కి కాలుతుంది. రిటర్న్ పంపు మిగిలినదాన్ని ట్యాంకులోకి తోడేదాకా పొగే పొగ. తర్వాత తగ్గిపోతుంది. నెల దాటి పడుకున్న బండి అయితే కిక్ కొట్టకముందే కింద క్రాంక్ గది డ్రెయిన్ బోల్ట్ విప్పి చూడండి. ఈ కుర్రాడి బండిలోంచి టీ గ్లాసుతో కొలిస్తే నాలుగు గ్లాసుల పైనే వచ్చింది. కొత్త ఆయిల్ పోసి స్టార్ట్ చేశాం. పావుగంటకి పొగ లేదు. వాడు అక్కడే స్టూలు మీద కూర్చుని చాలాసేపు ఆ శబ్దమే విన్నాడు. నేనూ కదిలించలేదు.

బోరు మీద నాకెందుకింత కోపమంటే, అది పోతే తిరిగిరాని సరుకు. 346 సీసీ బుల్లెట్ బోరు 70 మిల్లీమీటర్లు. ఓవర్‌సైజు పిస్టన్లు మామూలుగా 0.25 చొప్పున పెరుగుతూ 1 మిల్లీమీటరు దాకా దొరుకుతాయి. అంటే మీ బ్యారెల్‌కి ఉన్నవి నాలుగు ప్రాణాలు, అంతే. ఆ తర్వాత లోపల కొత్త గొట్టం, అంటే స్లీవు, వేయించుకోవాలి. అనవసరంగా లేత్ ఎక్కించిన ప్రతిసారీ ఒక ప్రాణం పోతుంది. పైగా మళ్లీ కొన్ని వందల కిలోమీటర్లు రన్నింగ్ ఇన్ అంటూ మెల్లగా తిప్పాలి. అసలు జబ్బు వేరేదైతే అది అలాగే ఉంటుంది.

బోరు నిజంగా పోయిందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా నీలం పొగ ఆగకపోవడం, ఆయిల్ వారం వారం తగ్గిపోవడం ఉంటే అనుమానించండి. ఇగ్నిషన్ ఆఫ్ చేసి, సిలిండర్లో ఒత్తిడి వదిలే డీకంప్రెషన్ లివర్ ముట్టుకోకుండా కిక్కు మీద మెల్లగా బరువు వేయండి. పిస్టన్ గాలిని నొక్కే కంప్రెషన్ దగ్గర కిక్కు మిమ్మల్ని కాసేపు మోసి, అప్పుడు మెల్లగా దిగాలి. మెత్తగా జారిపోతే ప్లగ్గు విప్పి రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి, ప్లగ్గు బిగించి మళ్లీ చూడండి. ఇప్పుడు బిగువు వస్తే రింగులో, బోరో. రాకపోతే వాల్వు వైపు చూడాలి. అదీ హెడ్డు దించే ముందు ట్యాపెట్లు (వాల్వుల సందు సరిచేసే చోటు) చూశాకే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, కంప్రెషన్ మీద పిస్టన్ పైన ఉండగా, వాల్వుల్ని కదిపే కడ్డీలైన పుష్‌రాడ్లు వేళ్లతో తిప్పితే తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఆడకూడదు. టైటుగా ఉంటే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ అక్కడే పోతుంది. పానా పట్టుకుంటే పావుగంట పని.

ఇదంతా నాకు పుట్టుకతో వచ్చిన తెలివి కాదు. నా మొదటి బుల్లెట్‌కి నేనూ బోరు చేయించాను. బండి వేడెక్కేది, పికప్ లేదు, వేడి మీద ఆగితే మళ్లీ స్టార్ట్ కాదు. తెలిసిన షెడ్డులో చూపిస్తే ఆయన సైలెన్సర్‌లో వేలు పెట్టి తీసి, నల్లగా ఉంది, బోరు అన్నాడు. చేయించాను. బండి తెచ్చుకున్న మూడో రోజు కనకదుర్గ వారధి మీద, మిట్టమధ్యాహ్నం, మళ్లీ అలాగే ఆగింది. లారీలు పక్కనుంచి పోతుంటే రెండు కిలోమీటర్లు తోశాను. జబ్బు కండెన్సర్. స్పార్కు సరిగా పడేలా చూసే, బొటనవేలంత డబ్బా.

అందుకే ఇంట్లో నేర్చుకోవాలనుకునేవాళ్లని ముందు కుడిపక్క పాయింట్ల మూత తీయమంటాను. స్పార్కు పడాల్సిన సమయానికి కరెంటు తెంచే చిన్న స్విచ్చే పాయింట్లు. పాయింట్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. సందు కొలిచే ఫీలర్ గేజ్ ఆకు కాస్త ఒరుసుకుంటూ రావాలి, ఇరుక్కోకూడదు, వదులుగానూ రాకూడదు. క్యామ్ మీద ఒరుసుకునే ఫైబర్ ముక్క అరిగేకొద్దీ గ్యాపు తగ్గుతుంది, టైమింగ్ వెనకబడుతుంది, అంటే స్పార్కు ఆలస్యంగా పడుతుంది. బండి వేడెక్కడం, పికప్ పోవడం దానివల్ల కూడా జరుగుతుంది. గ్యాపు సరిచేసి పెట్రోల్‌లో తడిపిన కాగితం ముక్క పాయింట్ల మధ్య నుంచి లాగండి, నల్లటి గీత వస్తుంది. శుభ్రంగా వచ్చేదాకా లాగండి. తర్వాత ఇగ్నిషన్ ఆన్ చేసి, మూసుకున్న పాయింట్‌ని స్క్రూడ్రైవర్‌తో ఎడం చేసి చూడండి. సన్న నీలిరంగు మెరుపు పర్వాలేదు. పెద్దగా పసుపుపచ్చగా మెరుస్తుంటే కండెన్సర్ మార్చండి.

మిగతావి గబగబా.

కిక్కు వెనక్కి తన్ని కాలు విరుగుతుందని చాలామంది దగ్గరికే రారు. ఆ భయం అబద్ధం కాదు, సగం సగం కిక్కు కొడితే తంతుంది. ఇగ్నిషన్ ఆన్ చేసి, డీకంప్రెషన్ నొక్కి, కరెంటు చూపే ఆమీటర్ ముల్లు మధ్యకి వచ్చేదాకా కిక్కు మెల్లగా దించండి. లివర్ వదిలి, కిక్కు పైకి రానిచ్చి, యాక్సిలరేటర్ తిప్పకుండా చివరిదాకా ఒకే దెబ్బ. అప్పటికీ తంతుంటే టైమింగ్ ముందుకు జరిగిందన్నమాట.

ఖరీదైన సింథటిక్ ఆయిల్ పోస్తే పాత ఇంజిన్ కొత్తదవుతుందా? అవదు. లీకులు మాత్రం కొత్తవి కనిపిస్తాయి.

ఇప్పటి ఇథనాల్ పెట్రోల్‌తో పాత బండి పేలిపోతుందని వాట్సాప్‌లో తిరుగుతోంది. పేలదు. పాత రబ్బరు పైపులు, వాషర్లు ఉబ్బుతాయి, తడి చేరి ట్యాంకు తుప్పు పడుతుంది. బండి నెలల తరబడి పెట్టేస్తే కార్బొరేటర్‌లో పెట్రోల్ ఖాళీ చేయండి, చాలు.

పదిహేనేళ్లు దాటితే తుక్కు కింద ఇచ్చేయాలన్నది ఢిల్లీ వార్త ఇక్కడికి వచ్చి పెరిగింది. మన దగ్గర ఫిట్‌నెస్ చూపించి ఆర్‌సీ అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. వింటేజ్ రిజిస్ట్రేషన్ వేరే సంగతి. అది 50 ఏళ్లు దాటిన బళ్లకి, రోజూ తిప్పుకోవడానికి పనికిరాదు. ఆ కుర్రాడి నాన్నగారి 86 మోడల్‌కి అది వర్తించదు.

మిల్లీమీటర్ పానా పట్టకపోతే సుత్తితో కొట్టి ఎక్కించకండి. పాత బుల్లెట్‌లో కొన్ని బోల్టులు అంగుళాల లెక్కలో ఉంటాయి. ఆ కుర్రాడు నిన్న ఫోన్ చేశాడు. నాన్న టూల్‌బాక్సులో అడుగున గుడ్డలో చుట్టి ఆ అంగుళాల పానాలే దొరికాయట, వాటితో పాటు వాడని కొత్త కండెన్సర్ ఒకటి.