జాన్సన్ మాస్టర్ ఆర్.ఆర్. గురించి, అసలు ఆర్.ఆర్. గురించి: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను హైదరాబాద్‌లో రీరికార్డింగ్ (ఆర్.ఆర్., అంటే సినిమాలో సీన్ల వెనక వినిపించే నేపథ్య సంగీతం) పని చేస్తాను. కీబోర్డ్ ప్రోగ్రామింగ్‌తో మొదలుపెట్టి ఇప్పుడు సీన్లకి సొంతంగా ఆర్.ఆర్. చేసేదాకా వచ్చాను. ఈమధ్య ఓటీటీలో మలయాళం సినిమాలు చూసినవాళ్లంతా "ఆ సినిమాల మూడ్ వేరు" అంటున్నారు. నిజమే. కానీ ఆ మూడ్ దానంతట అది రాలేదు. ఎనభైల్లో, తొంభైల్లో దాన్ని సీన్ సీన్‌కీ కూర్చుని రాసిన మనిషి ఒకాయన ఉన్నారు, మలయాళ సంగీత దర్శకుడు జాన్సన్. కేరళలోని త్రిశూర్ ఆయన ఊరు. చర్చి కోయిర్‌లో పాడుతూ పెరిగి, మద్రాసు వచ్చి సంగీత దర్శకుడు జి. దేవరాజన్ దగ్గర అసిస్టెంట్‌గా పనిచేసి, ఆ తర్వాత సొంతంగా మొదలుపెట్టారు. 2011లో పోయారు. కేరళలో ఆయన్ని నెత్తిన పెట్టుకుంటారు, అయితే అక్కడ కూడా ముందు పాటల పేరే ఎత్తుతారు. మన దగ్గరైతే సంగీతం అంటే చెవి కోసుకునేవాళ్లలో కూడా చాలామందికి ఆయన పేరు తెలియదు. అది నాకు బాధగా ఉంటుంది.

అపోహ: పాటలు చేసినాయనే ఆర్.ఆర్. కూడా చేస్తాడు, అదో కొసరు పని.

'మణిచిత్రతాళు' (1993) తీసుకోండి. మనం 'చంద్రముఖి'గా చూసిన కథకి మూలం అదే. పాటలు ఎం.జి. రాధాకృష్ణన్‌వి, నేపథ్య సంగీతం జాన్సన్‌ది. 'తూవానతుంబికళ్' (1987)కి పాటలు పెరుంబావూర్ జి. రవీంద్రనాథ్, ఆర్.ఆర్. జాన్సన్. 1994 జాతీయ అవార్డుల్లో 'సుకృతం' సినిమాకి పాటలకుగాను సంగీత దర్శకుడు రవికి, నేపథ్య సంగీతానికిగాను జాన్సన్‌కి అవార్డు ఇచ్చారు. ఒకే సినిమా, రెండు వేర్వేరు పనులు, ఇద్దరు మనుషులు. అంతకుముందు ఏడాదే 'పొంతన్ మాడ'కి ఆయనకి జాతీయ అవార్డు వచ్చింది. పాటలకీ నేపథ్య సంగీతానికీ విడివిడిగా ఇవ్వడం జాతీయ అవార్డుల్లో ఒక పద్ధతిగా స్థిరపడింది 2009 సినిమాల నుంచే. దాన్నిబట్టే తెలుస్తుంది, ఈ పనిని పనిగా గుర్తించడానికి ఎంతకాలం పట్టిందో.

అపోహ: మ్యూజిక్ ఉందని తెలియకుండా ఉంటేనే అది మంచి ఆర్.ఆర్.

ఇది మా ఫీల్డ్‌లోనే చాలామంది అంటారు, మొదట్లో నేనూ నమ్మాను. సగమే నిజం. మిగతా సగం 'తూవానతుంబికళ్' చూస్తే అర్థమవుతుంది. పద్మరాజన్ తీసిన ఈ సినిమాలో క్లారా అనే అమ్మాయికీ వానకీ విడదీయలేని ముడి ఉంది. మోహన్‌లాల్ పాత్ర ఆమెని ఇంకా చూడకముందే, ఉత్తరం రాస్తూ కూర్చున్నప్పుడే వాన పడుతుంది.

వాన సీన్‌కి సంగీతం చేయడం ఎంత కష్టమో చెప్తాను. వాన చప్పుడు కింది ఫ్రీక్వెన్సీల నుంచి పై ఫ్రీక్వెన్సీల దాకా అంతటా పరుచుకుని ఉంటుంది. మెత్తగా వాయించింది ఏదైనా అందులో మునిగిపోతుంది, గట్టిగా వాయిస్తే సీన్‌లో ఉన్న సున్నితత్వం పోతుంది. ఇప్పుడైతే మిక్సింగ్‌లో వానని పక్క స్పీకర్లకి పంపి, మధ్యలో మాటకీ సంగీతానికీ చోటు చేసుకుంటాం. ఆ రోజుల్లో మోనో. మాట, వాన, సంగీతం అన్నీ తెర వెనక నుంచి ఒకే దారిలో రావాలి. అంత ఇరుకులో కూడా ఆయన ఇచ్చిన క్లారా థీమ్ ఇన్నేళ్ల తర్వాత జనం నోట్లో ఆడుతోంది, ఎందుకంటే అది హమ్ చేసుకోగలిగినంత సాదా ట్యూన్, సరైన చోట మళ్లీ మళ్లీ వస్తుంది. సినిమా సగానికి వచ్చేసరికి నాలుగు స్వరాలు వినిపిస్తే చాలు, ఆ అమ్మాయి వచ్చేసినట్టే ఉంటుంది. ఇది వినపడకుండా దాక్కున్న సంగీతం కాదు కదా!

నేను ఒకసారి బస్టాండ్‌లో తండ్రి కూతుర్ని బస్సు ఎక్కించే వాన సీన్‌కి మూడు రోజులు కూర్చున్నాను. స్ట్రింగ్స్ (వయొలిన్ లాంటి తీగ వాద్యాలు) పెట్టాను, అది చాలక కింద ప్యాడ్ (కీబోర్డ్ మీద సాగదీసి పట్టే స్వరాలు) పరిచాను, పైన ఫ్లూట్. మిక్సింగ్‌లో ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాం. చివరికి మిగిలింది పియానో మీద ఒంటి వేలితో వాయించిన లైను, అదీ బస్సు కదిలాక మాత్రమే. సీన్ అప్పుడు నిలబడింది. ఆ రాత్రి ఇంటికెళ్లి జాన్సన్ సినిమా మళ్లీ పెట్టుకున్నాను.

అపోహ: ఎంత పెద్ద ఆర్కెస్ట్రా ఉంటే అంత గొప్ప ఆర్.ఆర్.

మనిషి మాటలో హల్లుల స్పష్టత ఎక్కువగా 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. వయొలిన్ల పదును కూడా సరిగ్గా అక్కడే తగులుతుంది. నటుడు గొంతు తగ్గించి ఒక మాట అంటున్నప్పుడు ఇరవై వయొలిన్లు లేస్తే ఆ మాట పోయినట్టే. అందుకే ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నదే మాకు అసలు టెన్షన్. జాన్సన్ ఆపడం తెలిసినవారు. మాట అయిపోయాక కాసేపు ఏమీ వినిపించనివ్వడానికి ధైర్యం కావాలి, ఎందుకంటే "ఇక్కడ ఖాళీగా ఉందేంటి" అని అడిగేవాళ్లు స్టూడియోలో ఎప్పుడూ ఉంటారు.

అపోహ: పాతకాలంలో తీరిగ్గా చేసేవాళ్లు, అందుకే అంత బాగా వచ్చింది.

తీరిక ఎక్కడిది? 1000 అడుగుల రీలు అంటే దాదాపు 11 నిమిషాలు. రెండున్నర గంటల సినిమాకి పద్నాలుగు రీళ్ల దాకా వస్తాయి. తెర మీద రీలు ఆడుతుంటే చూస్తూ, కొలతలు రాసుకుని, వాద్యకారులకి నొటేషన్ ఇచ్చి, అందరూ కలిసి లైవ్‌లో వాయించాలి. ఒకరు తప్పితే మళ్లీ మొదటినుంచి. నేనైతే కంప్యూటర్‌లో ఒక స్వరాన్ని పట్టుకుని రెండు ఫ్రేములు అటు జరుపుతాను, పని అయిపోతుంది.

అపోహ: ఆర్.ఆర్.ని విడిగా ఎవరు వింటారు?

వింటారు. క్యాసెట్ల మీద పాటలే వచ్చేవి కాబట్టి వినే దారి ఉండేది కాదు, అంతే. ఇప్పటికీ అభిమానులు సినిమాలోంచి ముక్కలు కోసుకుని, మాటలతో, వాన చప్పుడుతో కలిపే వింటున్నారు.

మీరు కొత్తగా మొదలుపెడుతుంటే 'తూవానతుంబికళ్' రాత్రిపూట చూడండి, ఫోన్‌లో వద్దు. వాన వచ్చే సీన్ ఒకటి ముందు మ్యూట్‌లో చూడండి, తర్వాత సౌండ్‌తో. ఆ తర్వాత 'తాళ్వారం' (1990) పెట్టండి. కొండల మధ్య, పగతో వచ్చిన మనిషి కథ. అక్కడ అదే జాన్సన్ ఇంకో మనిషిలా వినిపిస్తారు.