నలుగురూ కలిసే చోటు: అపోహలు - వాస్తవాలు

పార్కులో ఒక మూల, లైబ్రరీ ముందు వరండా, రెండు భవనాల మధ్య మిగిలిపోయిన జాగా. ఇలాంటి చోట్ల జనం ఆగి, కూర్చుని, నాలుగు మాటలు చెప్పుకునేలా ఏర్పాట్లు చేయడం నా పని. పని అప్పగించేవాళ్ళు మొదటి మీటింగులోనే కొన్ని మాటలు ఖాయంగా అంటారు. వినడానికి అవి సబబుగానే ఉంటాయి. చిక్కంతా అక్కడే.

అపోహ: జాగా ఎంత పెద్దదైతే జనం అంత ఎక్కువ వస్తారు.

వాస్తవం: న్యూయార్క్‌లో 1967లో తెరిచిన పేలీ పార్క్ విస్తీర్ణం సుమారు 4,200 చదరపు అడుగులే. మూడు వైపులా గోడలు, నాలుగో వైపు వీధి. అయినా చిన్న చోట్ల ప్రస్తావన వస్తే మా వృత్తిలో ఆ పేరు ఎత్తనివాళ్ళుండరు. పదిమంది పెద్ద మైదానంలో ఉంటే బోసిగా కనిపిస్తుంది. అదే పదిమంది ఇరుకు చోట ఉంటే సందడిగా ఉంటుంది, ఆ సందడి చూసే పదకొండో మనిషి ఆగుతాడు. మీ జాగా నిజంగానే పెద్దదైతే చెట్లతోనో, మెట్లతోనో, పొట్టి గోడలతోనో ముక్కలు చేయండి. ఈ చివర కూర్చున్నవాళ్ళకి ఆ చివరి మనిషి మొహంలో నవ్వు తెలియాలి. అంటే ఒక్కో ముక్క 20, 25 మీటర్లు దాటకూడదు.

అపోహ: బెంచీలు వేస్తే సరిపోతుంది.

వాస్తవం: అవి ఎటు తిరిగి ఉన్నాయో చూడాలి. ఒకే వరుసలో వేస్తే పక్కపక్కనున్న ఇద్దరు మాట్లాడుకుంటారు, మూడో మనిషి మెడ తిప్పలేక ఊరుకుంటాడు. దగ్గరగా ఎదురెదురు వేస్తే, ముక్కూమొహం తెలియనివాళ్ళ ముందు చూపు ఎక్కడ నిలపాలో తెలియక లేచిపోతారు. నేనైతే ఎల్ ఆకారంలో వేయిస్తాను. మాట కలపాలనుకుంటే కాస్త ఇటు తిరిగితే చాలు. వద్దనుకుంటే ముందుకు చూస్తూ కూర్చోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. 1950ల్లో కెనడాలో ఒక వృద్ధుల వార్డులో కుర్చీలన్నీ గోడవార వరుసగా ఉండేవి. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ సోమర్ వాటిని చిన్న బల్లల చుట్టూ వేయించారు. మనుషులు వాళ్ళే, గది అదే. మాటలు మాత్రం దాదాపు రెట్టింపయ్యాయి.

వీలుంటే అటూఇటూ జరుపుకునే కుర్చీలు పెట్టండి. 1970ల్లో నగర జీవనాన్ని పరిశీలించిన విలియం హెచ్. వైట్ న్యూయార్క్ ప్లాజాల్లో, అంటే భవనాల ముందుండే ఖాళీ జాగాల్లో, జనం ఎలా కూర్చుంటారో గంటల తరబడి సినిమా తీశారు. కుర్చీ దగ్గరికొచ్చిన మనిషి దాన్ని రెండంగుళాలు ఇటు లాగుతాడు, ఓ అంగుళం అటు నెడతాడు, తీరా చూస్తే దాదాపు మొదట ఉన్నచోటే కూర్చుంటాడు. పని లేక చేసేది కాదది. ఈ చోటు నేను ఎంచుకున్నాను అన్న భరోసా అందులో ఉంది. పక్కవాళ్ళకి దూరంగా జరిపితే, మీ ఏకాంతానికి అడ్డురాను అని మాట్లాడకుండా చెప్పినట్టు కూడా.

"ఎత్తుకుపోతారండీ!" అనే మాట ఇక్కడ తప్పకుండా వస్తుంది. న్యూయార్క్‌లోనే బ్రయంట్ పార్క్‌ను 1992లో మళ్ళీ తెరిచినప్పటి నుంచి కుర్చీలు విడిగానే ఉన్నాయి. ఒకటీ అరా పోవచ్చు. వాటి ఖర్చు నిర్వహణ కింద రాసుకోవాలి.

అపోహ: మాట్లాడుకోవాలంటే నిశ్శబ్దం ఉండాలి.

వాస్తవం: పిన్ను పడితే వినిపించే చోట ఎవరూ నోరు విప్పరు, తమ మాట అందరికీ వినిపిస్తుందని మొహమాటం. పేలీ పార్క్‌లో వెనక గోడ పొడవునా 20 అడుగుల ఎత్తునుంచి నీళ్ళు పడుతుంటాయి. ఆ హోరు వీధి మోతను మింగేస్తుంది, పక్క బల్ల మాటలనూ మీ చెవిన పడనివ్వదు.

అపోహ: దారికి దూరంగా, ఎవరికీ అడ్డులేని మూలన పెట్టాలి.

వాస్తవం: తెలిసినవాళ్ళు ఎదురైతే జనం నడిచే దారి మధ్యలోనే నిలబడి కబుర్లు చెప్పుకుంటారని వైట్ చిత్రాల్లోనే తేలింది. కూర్చునే చోటు దారిని ఆనుకుని ఉండాలి, వెనక గోడో చెట్టో దన్నుగా ఉండాలి. వీపు వెనక ఏముందో తెలియని చోట ఎవరికీ కాళ్ళు చాపుకోబుద్ధి కాదు.

అపోహ: పరిచయాలు పెరగాలంటే కార్యక్రమాలు పెట్టాలి.

వాస్తవం: పెట్టండి, మంచిదే. కానీ కార్యక్రమం నెలకోసారి, మెట్లు రోజూ. అమెరికాలోని ఎంఐటీ విద్యార్థుల నివాసాల్లో ఎవరు ఎవరితో స్నేహంగా ఉన్నారో మనస్తత్వ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్ బృందం ఆరా తీసి 1950లో ప్రచురించింది. పై అంతస్తు వాళ్ళకి కింద అంతస్తులో ఎక్కువగా స్నేహితులైంది మెట్ల దగ్గరి ఇళ్ళవాళ్ళే. పదేపదే ఎదురుపడటం చేసే పని అది. అందుకే మంచినీళ్ళ కుళాయి, నోటీసు బోర్డు, ఉత్తరాల పెట్టెలు తలో దిక్కున పడేయకుండా ఒక్కచోట చేర్చమంటాను. వచ్చినవాళ్ళకి అక్కడ నిలబడటానికో సాకు దొరుకుతుంది. "నన్ను పలకరించండి" అన్నట్టు ఊరికే నిలబడాలంటే ఎవరికైనా టెన్షనే.

అపోహ: కూర్చునే వీలిస్తే ఎవరెవరో చేరతారు.

వాస్తవం: ఈ భయంతోనే గట్ల మీద ఇనప మొనలు పెడతారు, బెంచీల మధ్య అడ్డాలు కడతారు. వద్దనుకున్నవాళ్ళతోపాటు అందరూ వెళ్ళిపోతారు. జనం పలచబడ్డ చోటు ఇంకా భయంగా ఉంటుంది. చోటు బాగుందో లేదో తెలియాలంటే అక్కడ ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. వాళ్ళ సంఖ్య మరీ తక్కువగా ఉంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. లైట్లు, చుట్టుపక్కల కిటికీలు, బయటికి పోయే దారులు - ముందు అవి చూడండి.

అపోహ: ప్రారంభోత్సవంతో డిజైన్ పని పూర్తయింది.

వాస్తవం: బడ్జెట్‌లో కొంత ఆపి ఉంచండి. మొదటి ఏడాదిలో పొద్దున, మధ్యాహ్నం, చీకటి పడ్డాక వెళ్ళి ఎవరు ఎక్కడ కూర్చున్నారో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. ఎండ ఎటు తిరుగుతుందో, అడ్డదారి ఎక్కడ పడిందో అప్పుడే తెలుస్తుంది. ఆపిన డబ్బు నీడకు వాడాలో, దీపాలకు వాడాలో, ఇంకో పది కుర్చీలకు వాడాలో ఆ కాగితాలు చూసి తేల్చుకోవచ్చు.