మోకాలి చిప్ప విరిగితే వైరా, స్క్రూలా, ప్లేటా? అపోహలు - వాస్తవాలు

"వైరు తెగిపోద్దంట కదండీ, ప్లేటే వేయండి." గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి ఎక్స్‌రే పట్టుకొచ్చేవాళ్ళు ముందు అనే మాట ఇది. ఇంట్లో మనిషి కాలు ఎత్తలేకపోతుంటే భయం సహజమే. కానీ ఈ పుకారు నమ్మి, ప్లేటు వేసే ఆస్పత్రి కోసం బరంపురం, విశాఖ తిరుగుతూ వారాలు పోగొట్టుకుంటున్నారు. ఈలోగా తొడ ముందు కండరం పై ముక్కను పైకి లాక్కుని బిగుసుకుపోతుంది. మొదటి వారంలో తేలిగ్గా కలిసే ముక్కలు తర్వాత ఓ పట్టాన కలవవు.

అపోహ: ప్లేటే గట్టిది, వైరు పాతకాలపుది.

వాస్తవం: విరిగిన తీరును బట్టి పద్ధతి. చిప్ప అడ్డంగా రెండు ముక్కలైతే టెన్షన్ బ్యాండ్ వైరింగ్ ఇప్పటికీ మంచి వైద్యమే. 1.6 నుంచి 2 మి.మీ. కే-వైర్లు (సన్నని, గట్టి స్టీలు పుల్లలు) రెండు నిలువుగా దింపి, వాటి కొసల వెనకనుంచి 18 గేజి స్టీలు వైరును చిప్ప ముందువైపు 8 అంకెలా తిప్పి బిగిస్తారు. మోకాలు ముడిస్తే ముక్కలు ముందువైపు విడిపోవాలని చూస్తాయి. వైరు అక్కడ ఆపేసరికి, వెనక కీలు వైపు అవి ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. వైరు ఎముకను ఆనుకునే ఉండాలి. మధ్యలో టెండన్ (కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాడు) ఇరుక్కుంటే అది నలిగి వైరు వదులవుతుంది, ముక్కలు దూరమవుతాయి. చిప్ప మీద కండ ఉండదు కాబట్టి కే-వైర్ల కొసలు చర్మానికి గుచ్చుకోవచ్చు. ఎముక అతికాక వాటిని తీయించుకోవాల్సి రావచ్చు.

4 మి.మీ. బోలు స్క్రూల్లోంచి వైరు పోనిచ్చే పద్ధతిలో ఈ బాధ తక్కువ. స్క్రూ కొన మాత్రం ఎముక దాటి బయటికి రాకూడదు, వస్తే ఆ అంచుకు రాసుకుని వైరు తెగుతుంది. చిప్ప చాలా ముక్కలైనా, ఎముక గుల్లబారినా ప్లేటు నిజంగా పనికొస్తుంది. రెండు ముక్కల విరుపుకి అప్పు చేసి ప్లేటు వేయించుకోనక్కర్లేదు.

అపోహ: విరిగిందంటే ఆపరేషనే.

ముక్కల మధ్య ఎడం 2 మి.మీ. లోపే ఉండి, కీలు నునుపు చెడకుండా, కాలు చాపి మడమ పైకెత్తగలిగితే 4 నుంచి 6 వారాలు బ్రేసు (మోకాలును పట్టి ఉంచే పట్టీ) చాలు.

అపోహ: నాటు కట్టు ముక్కల్ని కలుపుతుంది.

దూరమైన ముక్కల్ని కట్టు లాక్కురాలేదు. బిగుతు కట్టుకు బొబ్బలొస్తే అవి మానేదాకా ఆపరేషన్ కూడా ఆగుతుంది.

అపోహ: అతికేదాకా మోకాలు కదపకూడదు.

త్వరగా కదపడానికే బిగించేది. తొడ కండరం బిగించి వదిలే వ్యాయామం ఆపరేషన్ మర్నాడే మొదలవుతుంది. ఎంత ముడవాలో బిగింపు ఎలా ఉందో చూసిన సర్జనే చెప్పాలి. బ్రేసును చాపిన స్థితిలో లాక్ చేసుకుని, కర్ర ఊతంతో చాలామంది నడవొచ్చు. కింద కూర్చునే మరుగుదొడ్డి కొన్ని నెలలు వద్దు. కుట్ల దగ్గర చీము, జ్వరం, నిన్నటిదాకా లేచిన కాలు ఉన్నట్టుండి లేవకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే చూపించండి.