40 గంటల లెక్క ఎక్కడిది?

బెంగళూరులో ఉండే తెలుగు కుటుంబాల్లో, పిల్లాడికి ఆటిజం ఉందని రిపోర్టు చేతికొచ్చిన కొద్ది రోజులకే ఒక అంకె కూడా వచ్చి పడుతుంది. వారానికి ఇన్ని గంటల థెరపీ కావాలి అని. ఒక సెంటర్ 20 అంటుంది, ఇంకొకటి 30 అంటుంది, 40 చెప్పేవాళ్లూ ఉన్నారు. ఫీజు గంటల లెక్కన కట్టాలి కాబట్టి, తక్కువ గంటలతో సరిపెట్టుకున్న అమ్మానాన్నలకు రాత్రిళ్లు నిద్ర పట్టదు. బిడ్డకు చేయాల్సింది చేయలేకపోతున్నామేమో అని ఒకటే టెన్షన్. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఈ దిగులుతోనే ఉద్యోగం మానేసిన తల్లులు నాకు తెలుసు. ఆ అంకె ఎక్కడ పుట్టిందో మాత్రం వాళ్లకెవరూ చెప్పలేదు.

దాని మూలం 1987 నాటి ఒక పరిశోధనా పత్రంలో ఉంది. అమెరికాలో, లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఐవార్ లోవాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 19 మంది చిన్నపిల్లలకు వారానికి 40 గంటల చొప్పున రెండేళ్లు, అంతకు మించి కూడా శిక్షణ ఇప్పించారు. ఒక పనిని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ పదే పదే చేయించి, సరిగ్గా చేసినప్పుడల్లా మెచ్చుకోలో తాయిలమో ఇవ్వడం ఆ పద్ధతి. ఇవాళ మనం ఏబీఏ (అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్) అని వింటున్న థెరపీకి పునాది అదే. ఆ 19 మందిలో 9 మంది మామూలు బడిలో ఒకటో తరగతి పూర్తి చేశారనీ, వాళ్ల ఐక్యూ సాధారణ స్థాయికి వచ్చిందనీ ఆయన ప్రకటించారు. అంత శిక్షణ అందని 40 మందిలో ఆ స్థాయికి వచ్చింది ఒక్కరే. వినగానే ఏ తల్లికైనా ఆశ పుట్టే ఫలితం ఇది.

కానీ ఆ పిల్లల్లో ఎవరికి ఏ శిక్షణ అన్నది చీటీలు వేసి తేల్చలేదు, శిక్షకులు దొరకడాన్ని బట్టి సర్దారు. అందుకని ఆ తేడా అంతా శిక్షణ వల్లే వచ్చిందని గట్టిగా చెప్పలేం. తప్పు చేస్తే గట్టిగా అరవడం, తొడ మీద చరచడం కూడా ఆ శిక్షణలో భాగంగా ఉండేవి. 2000లో ట్రిస్ట్రమ్ స్మిత్ బృందం ఇదే తరహా శిక్షణను 28 మంది పిల్లలతో, ఈసారి చీటీల పద్ధతిలోనే పరీక్షించింది. వారానికి సుమారు 25 గంటలు ఇచ్చారు. మెరుగుదల కనిపించింది గానీ 1987 నాటి ఫలితానికి చాలా తక్కువ. 2018లో, వైద్య పరిశోధనలను పోగేసి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ ఈ తరహా అధ్యయనాలను జల్లెడ పడితే లెక్కలోకి వచ్చినవి 5, వాటిలో పిల్లలు 219 మంది. కొంత ప్రయోజనం ఉన్నట్టే ఉంది, ఆధారాలు మాత్రం బలహీనం అని తేల్చారు. 2024లో ఇంకా పెద్ద విశ్లేషణ వచ్చింది. 144 అధ్యయనాలు, 9 వేలకు పైగా పిల్లలు. గంటలు పెరిగే కొద్దీ ఫలితం పెరిగినట్టు అందులో కనబడలేదు.

థెరపీ దండగ అని దీని అర్థం కానే కాదు. గంటలు లెక్కబెట్టడం కన్నా ఆ గంటలో ఏం జరుగుతోందో చూడటం ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

బ్రిటన్‌లో జొనాథన్ గ్రీన్ బృందం 152 మంది పిల్లలతో చేసి 2010లో ప్రచురించిన ప్రయోగంలో థెరపిస్టు నేర్పింది ప్రధానంగా తల్లిదండ్రులకు. అమ్మ, బిడ్డ ఆడుకుంటుంటే వీడియో తీస్తారు, తర్వాత అమ్మ, థెరపిస్టు కలిసి కూర్చుని దాన్ని ఆపి ఆపి చూస్తారు. అది మన ఇంట్లో అయితే ఎలా ఉంటుందో చూడండి. మూడేళ్ల పిల్లాడు నేల మీద కూర్చుని స్టీలు పళ్లెం తిప్పుతున్నాడు. "ఇదేంటి నాన్నా? ఇటు చూడు. ఏం రంగు? చెప్పు, చెప్పు" అని అమ్మ ఆపకుండా అడుగుతోంది. పిల్లాడు పక్కకు తిరిగిపోతాడు. వీడియోలో ఒకచోట ఆమె ఊపిరి పీల్చుకోవడానికి రెండు క్షణాలు ఆగింది. సరిగ్గా అప్పుడే వాడు తలెత్తి ఆమె వైపు చూశాడు! ఎదురుగా ఉన్నా ఆమెకు అది కనబడలేదు, స్క్రీన్ మీద కనబడింది. మర్నాడు ఆమె కూడా ఇంకో పళ్లెం తెచ్చి, పక్కన కూర్చుని తిప్పి, "గిర్రున తిరిగింది" అని ఒక్క మాట అని ఆగుతుంది. ప్రశ్నలు తగ్గాయి, వాడు చూస్తున్నదాని గురించే మాట వచ్చింది, బదులివ్వడానికి వాడికి తీరిక దొరికింది. గ్రీన్ బృందం ఆ పిల్లలను దాదాపు ఆరేళ్ల తర్వాత మళ్లీ చూసినప్పుడు కూడా కొంత మేలు నిలిచే ఉంది.

మన దగ్గర ఇది కుదురుతుందా? గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ ఇదే పద్ధతిని మన పరిస్థితులకు తగ్గట్టు మార్చి 65 మంది పిల్లలతో ప్రయత్నించారు, 2016లో ఫలితాలు వచ్చాయి. నేర్పినవాళ్లు స్పెషలిస్టులు కారు, శిక్షణ పొందిన సాధారణ ఆరోగ్య కార్యకర్తలు. మొత్తం 12 సెషన్లు. తల్లిదండ్రులు బిడ్డను అనుసరించి స్పందించడం బాగా పెరిగింది, పిల్లలు తమంతట తాము పలకరించడమూ పెరిగింది. ఇద్దరూ కలిసి ఒకే వస్తువు మీద ధ్యాస పెట్టే సమయం మాత్రం తగ్గింది, ఆ సంగతీ దాచకుండా రాశారు. బెంగళూరులోనే స్పీచ్ థెరపీ నిపుణురాలు ప్రతిభా కారంత్ ఇలాంటి చిన్నపిల్లల కోసం 2000లో మొదలుపెట్టిన కామ్ డీల్ అనే శిక్షణ కార్యక్రమం కూడా రోజుకు 3 గంటలు, వారానికి 5 రోజుల లెక్కతో నడిచింది. 40కి సగం కూడా కాదు.

తల్లిదండ్రులకు నేర్పిస్తున్నారంటే తప్పు వాళ్ల పెంపకంలో ఉందని కాదు. తల్లి ప్రేమ చాలక ఆటిజం వస్తుందన్న పాత సిద్ధాంతాన్ని శాస్త్రం ఎప్పుడో కొట్టిపారేసింది. అలాగని భారమంతా అమ్మ నెత్తిన పెట్టి మిగతావాళ్లు తప్పుకోవడమూ అన్యాయమే. ఆ వీడియోలో నాన్న ఉండొచ్చు, అమ్మమ్మ ఉండొచ్చు.

అమ్మమ్మ అంటే భాష సంగతి వస్తుంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, బడిలో ఇంగ్లీషు ఉంటే పిల్లాడు తికమకపడతాడు, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి అని చాలామందికి సలహా దొరుకుతుంది. అనంతపురం నుంచి వచ్చిన అమ్మమ్మ ఆ దెబ్బతో మనవడి దగ్గర నోరు కట్టేసుకుంటుంది. మాంట్రియల్‌లో ఆటిజం ఉన్న 75 మంది పిల్లలను పరిశీలించిన 2012 అధ్యయనంలో, రెండు భాషలు వింటూ పెరిగినవాళ్లు ఒక్క భాష విన్నవాళ్ల కన్నా వెనకబడలేదు. లాలించడానికి, ఊరడించడానికి, ఆటపట్టించడానికి అమ్మకు ఏ భాష సహజంగా వస్తుందో ఆ భాషలోనే పిల్లాడితో ఉండనివ్వండి.

ఇంకో విషయం నన్ను బాగా కలవరపెడుతుంది. 2021లో క్రిస్టెన్ బొటెమా బ్యూటెల్ బృందం ఇలాంటి థెరపీల మీద వచ్చిన 150 పరిశోధనా నివేదికలను తిరగేసి, పిల్లలకు కలిగిన ఇబ్బందుల ప్రస్తావన ఎన్నింట్లో ఉందో చూసింది. 11లోనే ఉంది. చిన్నప్పుడు ఈ శిక్షణల గుండా వెళ్లి ఇప్పుడు పెద్దవాళ్లైన ఆటిస్టిక్ వ్యక్తుల్లో చాలామంది తమకు కలిగిన బాధను బయటికి చెబుతున్నారు. మాటలు రాని మూడేళ్ల పిల్లాడు చెప్పలేడు. సెంటర్ మెట్ల దగ్గరకొచ్చేసరికి రోజూ ఏడుస్తున్నా, నిద్ర చెడినా, కొత్తగా తల బాదుకోవడం మొదలుపెట్టినా అలవాటైపోతుందిలే అని వదిలేయకండి. తేదీ వేసి రాసిపెట్టుకోండి, థెరపిస్టుకు చూపించండి, నెల రిపోర్టులో అది కూడా రాయమని అడగండి. సెషన్లో మిమ్మల్ని కూర్చోనివ్వని చోట, ఎందుకు కూర్చోనివ్వరో ముందు చెప్పించుకోండి.