రంగులరాట్నం పక్కన నాటకం ఎందుకు?

హనుమకొండ,
ఆషాఢం, వాన పడుతున్న సాయంత్రం

బంగారు అక్షరకు, చింటూకు,

తాత రాస్తున్నాడు. మొన్న ఫోన్‌లో చింటూ అడిగినదానికి జవాబు చెప్పేలోపే మీ నాయనమ్మ ఫోన్ గుంజుకుని "తిన్నారా, ఏం కూర" అని మొదలుపెట్టింది. ఇంకేముంది, నా మాట అక్కడే ఆగిపోయింది. వాడు అడిగింది ఇది: "అమెరికా పార్కులో అన్ని రైడ్లు ఉన్నాయి కదా తాతా, మధ్యలో పెద్ద హాలు కట్టి పాటల నాటకం ఎందుకు పెట్టారు? రైడ్ వదిలి నాటకం ఎవరు చూస్తారు?"

నేను ఆ పార్కు చూడలేదు. కానీ ఐనవోలు జాతర చూశాను. సంక్రాంతికి మా బాపు ఎడ్లబండి కట్టి తీసుకుపోయేవాడు. నాకు రంగులరాట్నం తప్ప వేరే ధ్యాస ఉండేది కాదు. రెండుసార్లు ఎక్కేసరికి తల తిరిగేది, చేతిలో పైసలు అయిపోయేవి. అప్పుడు ఎక్కడికి పోతాం? డోలు కొడుతూ దేవుళ్ల కథలు పాడి చెప్పే ఒగ్గు కథ చోటికి. అక్కడ మా అవ్వ, అత్తలు, ముసలివాళ్లు ముందే కూర్చుని ఉండేవాళ్లు. రాట్నానికి వయసుంటుంది బిడ్డా, కథకు ఉండదు. పార్కు నడిపేవాళ్లకూ ఇది తెలుసు. ఎండలో నడిచి నడిచి కాళ్లు పీకిన కుటుంబానికి చల్లగా కూర్చునే చోటు కావాలి. కాలిఫోర్నియాలో డిస్నీ వాళ్ల పార్కులో హైపీరియన్ అని ఒక థియేటర్ ఉంది, సుమారు 2,000 సీట్లది. ఒక్క ఆట మొదలైతే బయట లైన్లలోంచి అంతమంది తగ్గినట్టే కదా.

ఇక ఆ నాటకం ఎక్కడిదంటారా? న్యూయార్క్‌లో బ్రాడ్‌వే అని ఒక పొడవాటి రోడ్డు ఉంది. దాని చుట్టుపక్కల 41 థియేటర్లు. కనీసం 500 సీట్లు ఉంటేనే దాన్ని బ్రాడ్‌వే థియేటర్ అంటారు. తమాషా ఏమిటంటే వాటిలో చాలావరకు ఆ రోడ్డు మీద ఉండవు, పక్క సందుల్లో ఉంటాయి. మన చౌరస్తా దుకాణాలన్నీ చౌరస్తాలోనే ఉన్నాయా ఏం? అక్కడ ఆడే మ్యూజికల్ అంటే మాట, పాట, ఆట మూడూ కలిసిన నాటకం. మాట సరిపోని చోట మనిషి పాట ఎత్తుకుంటాడు. మామూలుగా వారానికి ఎనిమిది ఆటలు. ఫాంటమ్ ఆఫ్ ది ఓపెరా అనే నాటకం 1988లో మొదలై 2023 దాకా ఒకే థియేటర్లో 13,981 సార్లు ఆడింది. మీ నాన్న పలక పట్టకముందు మొదలై, మీరు బడికి పోవడం మొదలుపెట్టాక ఆగింది!

అలాంటిదాన్ని పార్కుకు తేవడం నాటు వేయడం లాంటిది. ఇప్పుడు మన ఊళ్లో అదే పని నడుస్తోంది. నారుమడిలో నారు ఒత్తుగా పెరుగుతుంది. దాన్ని పీకి, వేళ్ల మట్టి కడిగి, కట్టలు కట్టి కొత్త పొలంలోకి తెస్తారు. నారు ముదిరితే కొసలు తుంచుతారు. పురుగు గుడ్లు ఆ కొసల్లోనే ఉంటాయి. నాటకానికి కూడా కొసలు తుంచుతారు. బ్రాడ్‌వేలో రెండున్నర గంటలు ఆడేది పార్కులో ముక్కాలు గంట చాలు. హైపీరియన్‌లో 2003 నుంచి 2016 దాకా ఆడిన అల్లాదీన్ బ్రాడ్‌వే నుంచి తెచ్చింది కాదు, సినిమా నుంచి చేసింది, అయినా అదీ అంతసేపే ఉండేది. పిల్లలు అంతకు మించి కుదురుగా కూర్చోరు, పైగా బయట రైడ్లు పిలుస్తుంటాయి.

కొసలు తుంచకుండా నాటినవీ ఉన్నాయి. చైనాలో షాంఘై డిస్నీ రిసార్టు 2016 జూన్‌లో తెరిచినప్పుడు లయన్ కింగ్ అనే బ్రాడ్‌వే నాటకాన్ని పూర్తి నిడివితో, చైనా వాళ్ల మాండరిన్ భాషలోనే ఆడారు. పార్కు గేటు బయట వేరే థియేటర్, వేరే టికెట్. కొత్త మడి నీళ్లు వేరు కదా, అందుకని వాళ్ల కథల్లోని కోతి వీరుడు సన్ వుకాంగ్‌ను కూడా అందులోకి తెచ్చారు. ఆఫ్రికా సింహాల కథలోకి చైనా కోతి! నాటిన నాలుగు రోజులు నారు పచ్చదనం పోయి వాలిపోతుంది, తర్వాత తేరుకుంటుంది. నాటకానికీ అలాగే... మరి ఎరువు ఎవరు, కలుపు ఎవరు అని అక్షర అడుగుతుంది, నాకు తెలుసు. టికెట్ డబ్బులే ఎరువు అనుకో. కలుపు సంగతి వదిలెయ్, ఈ నాటు ఇక్కడితో ఆపుతాను.

ఒక్క తేడా మాత్రం నా మనసుకు పట్టదు. బ్రాడ్‌వేలో స్టేజీ ముందు గుంతలాంటి చోట వాద్యగాళ్లు కూర్చుని వాయిస్తారు. పార్కుల్లో చాలాచోట్ల వాద్యం ముందే రికార్డు చేసి పెడతారు. రోజుకు ఎన్నోసార్లు ఆడాలి కాబట్టి అది తప్పదేమో. కానీ రికార్డు ఎవరి కోసమూ ఆగదు.

ఎందుకు అంటున్నానంటే, నాకు పదేళ్లప్పుడు మా ఊళ్లో చిందు భాగోతం పెట్టారు. కరెంటు లేదు, రెండు గ్యాసు లైట్లు. ఒకదానికి గాలి కొట్టే పని నాకిచ్చారు. ఎంత గర్వమో! అర్ధరాత్రి దాకా బాగానే కొట్టాను. తర్వాత ఎప్పుడు నిద్రపోయానో తెలియదు. లైటు ఎర్రబడి, లోపల వెలిగే వల సంచి, అదే మాంటిల్, బుస్ బుస్‌మని, సగం స్టేజీ చీకటైంది. నడుస్తున్నది ఏడుపు ఘట్టం. రాణి వేషం వేసిన ఆమె పాట ఆపలేదు. అదే చరణం మళ్లీ ఎత్తుకుంది. మద్దెల కొట్టే ఆయన చెయ్యి నెమ్మదించింది, తాళం మాత్రం తప్పలేదు. అలా కొడుతూనే కాలు చాచి నా తొడ మీద ఒక తన్ను తన్నాడు. నేను ఉలిక్కిపడి లేచి గాలి కొట్టాను. లైటు తెల్లబడింది. ఆమె తర్వాతి చరణంలోకి పోయింది. జనంలో సగం మందికి ఏం జరిగిందో కూడా తెలియదు. నా కోసం ఒక చరణం మూడుసార్లు పాడారు. చేతిలో పని ఉన్నప్పుడు నిద్రపోకూడదని ఆ రాత్రి తెలిసింది, అక్షరా. హోంవర్క్ మాట ఎత్తను, భయపడకు.

చిందు మనకు పరాయిది కాదు. జనగామ జిల్లాలోని చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ ఇచ్చారు. అక్కడా మాట, పాట, ఆట మూడూ ఒకే మనిషే చేయాలి. బ్రాడ్‌వే వాళ్లు మైకును జుట్టులో దాచుకుంటారు. మావాళ్లకు మైకే లేదు, అయినా ఆ గొంతు చింతచెట్టు దాటి వినబడేది. ఎలా పాడేవాళ్లో, అంత బరువు కిరీటంతో ఊపిరి ఎక్కడ దాచుకునేవాళ్లో, ఇప్పటికీ నాకు అర్థం కాదు.

సంక్రాంతికి రండి. ఐనవోలు పోదాం. ముందు రాట్నం ఎక్కండి, రెండుసార్లకు పైసలు నేనిస్తాను. దిగాక ఒగ్గు కథ దగ్గర ముందు కూర్చోవద్దు. డోలు కొట్టే అతని వెనకాల, కొంచెం పక్కకు నిలబడండి. కథ చెప్పే మనిషి ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు డోలు మీద చేతులు ఏం చేస్తాయో చూసి వచ్చి నాకు చెప్పండి.

మీ
తాత