ట్యూబ్ ఆంప్లిఫయర్ కొనేముందు స్పీకరు వివరాల కాగితం చూడండి

గాజు వాక్యూమ్ ట్యూబులతో శబ్దాన్ని పెంచే ట్యూబ్ ఆంప్లిఫయర్ మీద మనసు పడ్డవాళ్ళు మొదట అడిగేది ట్యూబు పేరే. 300బి మంచిదా, ఇఎల్34 మంచిదా అని. నిజానికి అది ఆఖరున తేల్చుకోవాల్సిన సంగతి. ముందు మీ స్పీకరు సెన్సిటివిటీ ఎంతో చూడండి. ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ మోగుతుందో చెప్పే అంకె అది.

ఒక్క 300బితో నడిచే సింగిల్ ఎండెడ్ ఆంప్లిఫయర్ చానెల్‌కి సుమారు 8 వాట్లు ఇస్తుంది. 87 డెసిబెల్స్ స్పీకరుకి తగిలిస్తే మీటరు దూరంలో 96 దగ్గరే ఆగిపోతుంది. ఒంటి గొంతుకు చాలు. వాద్యబృందం ఒక్కసారిగా లేచినప్పుడు మాత్రం స్వరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి గరగర మొదలవుతుంది. అదే 8 వాట్లు 96 డెసిబెల్స్ స్పీకరుని 105 దాకా తీసుకెళ్తాయి. 3 డెసిబెల్స్ పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి మరి. సెన్సిటివిటీ తక్కువైతే చానెల్‌కి రెండేసి ఇఎల్34లు జంటగా పనిచేసే పుష్-పుల్ ఆంప్లిఫయర్ తీసుకోండి, 30 వాట్లు పైనే వస్తాయి.

తర్వాత చూడాల్సింది ట్యూబుకీ స్పీకరుకీ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. నా లెక్కలో డబ్బంతా ఇక్కడే పెట్టాలి. ట్యూబుకి వేల ఓంల లోడు కావాలి, స్పీకరేమో 8 ఓంలు. ట్రాన్స్‌ఫార్మర్‌లో ట్యూబు వైపు (ప్రైమరీ) చుట్లు స్పీకరు వైపు చుట్లకి 20 రెట్లయితే ఓంలు దాని వర్గం చొప్పున, అంటే 400 రెట్లు మారి, ట్యూబుకి ఆ 8 ఓంలు 3,200గా కనిపిస్తాయి. ఇనుము తక్కువ పెడితే లోతైన స్వరాల దగ్గర కోర్ సాచురేట్ అయి, అంటే ఇనుము ఇక అయస్కాంత బలాన్ని మోయలేక, బేస్ చెడిపోతుంది. అందుకే 1,000 హెర్ట్జ్ దగ్గర చెప్పే వాట్లు చూసి మురిసిపోకండి. 30 హెర్ట్జ్ దగ్గర ఎన్ని వాట్లు వస్తాయో అడగండి.

స్పీకరుని నడిపే పవర్ ట్యూబులకి బయస్, అంటే పాట లేనప్పుడు ట్యూబులో ఎంత కరెంటు పారాలో నిర్ణయించే అమరిక, రెండు రకాలు. కాథోడ్ బయస్ అయితే తనంతట తానే సర్దుకుంటుంది. ఫిక్స్‌డ్ బయస్ అయితే మీరే సరిచేసుకోవాలి. ట్యూబులో ఎలక్ట్రాన్లు వెదజల్లే కాథోడ్ దగ్గర 10 ఓంల రెసిస్టర్ ఉందనుకోండి, దాని మీద మల్టీమీటర్ 0.4 వోల్టులు చూపిస్తే 40 మిల్లీఆంపియర్లు పారుతున్నట్టు. ఆ ఎలక్ట్రాన్లని అందుకునే ప్లేటు మీద 400 వోల్టులుంటే 16 వాట్ల వేడి. ఇఎల్34 ప్లేటు 25 వాట్ల వరకే ఓర్చుకుంటుంది గనక ఇది నిబ్బరమైన చోటు. గాజులోపల ఫిలమెంటు నారింజ రంగులో వెలగడం మామూలే. దాని చుట్టూ ఉన్న బూడిదరంగు ప్లేటు ఎర్రబడితే మాత్రం తక్షణం ఆపేయండి. కరెంటుని అదుపుచేసే గ్రిడ్డుకి నెగెటివ్ వోల్టేజి అందడం లేదో, ముందు దశ నుంచి సిగ్నల్ తెచ్చే కప్లింగ్ కెపాసిటర్ లీకవుతోందో, ట్యూబే పోయిందో అయివుంటుంది.

స్పీకరు తగిలించకుండా ఎప్పుడూ మోగించకండి. లోడు లేకపోతే ప్రైమరీలో వోల్టేజి విపరీతంగా ఎగిరి ఇన్సులేషన్ చిట్లుతుంది. స్విచ్ ఆపినా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచివుండొచ్చు. బయస్ కొలిచే పాయింట్లు బయట లేకపోతే ఆ పని మెకానిక్కుకి వదిలేయండి.

వాడిన ట్యూబు కొంటుంటే గాజు లోపలి వెండి పూత చూడండి. అది పాలలా తెల్లబడితే లోపలికి గాలి చేరింది, ఇక పనికిరాదు. చిన్న ట్యూబుల్ని మోగుతుండగా పెన్సిలుతో మెల్లగా తట్టండి. స్పీకర్లో ఖంగుమని మోగి, ఆ మోత సాగుతుంటే వద్దనండి.