ధమని గోడ లోపలి కథ

అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 1981లో ధమనులు గట్టిపడే వ్యాధి కోసమే ఒక పరిశోధన పత్రికను ప్రారంభించినప్పుడు దాని పేరు ‘ఆర్టీరియోస్క్లెరోసిస్’ మాత్రమే. 1991లో ఆ పేరులోకి రక్తం గడ్డకట్టడాన్ని సూచించే ‘థ్రాంబోసిస్’, 1995లో రక్తనాళాల జీవశాస్త్రమైన ‘వాస్క్యులర్ బయాలజీ’ వచ్చి చేరాయి. పత్రిక పరిధి ఇలా పెరగడంలో వ్యాధిపై మన అవగాహన నడిచిన దారే నాకు కనిపిస్తుంది.

మొదట్లో చూపంతా కొవ్వు మీదే ఉండేది. 1913లో రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ అనిచ్‌కోవ్ పొద్దుతిరుగుడు నూనెలో కరిగించిన కొలెస్ట్రాల్‌ను కుందేళ్లకు తినిపించి, మనుషుల ధమనుల్లో కనిపించే లాంటి మార్పులను వాటిలోనూ పుట్టించాడు. ఎలుకల్లో ఆ ఫలితం రాకపోవడంతో అనేకులు దాన్ని అనుమానించారు. ఎలుకలు అదనపు కొలెస్ట్రాల్‌ను పైత్యరస ఆమ్లాలుగా మార్చి వదిలించుకోగలవు. కుందేళ్లకు ఆ శక్తి తక్కువ.

అయితే ధమనిని మురికి పేరుకున్న గొట్టంగా ఊహించుకుంటే అసలు విషయం చేజారుతుంది. కొవ్వు చేరేది గోడ మీద కాదు, గోడ లోపల. రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసుకెళ్లే ఎల్‌డీఎల్ రేణువులు లోపలి పొరను దాటి అక్కడ చిక్కుకుని మార్పు చెందుతాయి. వాటిని తొలగించడానికి వచ్చిన తెల్లరక్తకణాలు ఆ కొవ్వును మింగి, నురగతో నిండినట్టు ఉబ్బి, చాలావరకు అక్కడే చనిపోతాయి. ఆ శిథిలాల చుట్టూ కండర కణాలు ఒక పీచుపొరను అల్లుతాయి. ఈ పొర పలచబడి చిట్లిన క్షణాన, లోపలి పదార్థం రక్తానికి తగిలి గడ్డ ఏర్పడుతుంది. అందుకే, ధమనిని పెద్దగా ఇరుకు చేయని ఫలకం (గోడలో ఇలా పేరుకున్న ముద్ద) కూడా గుండెపోటు తేగలదు. గడ్డకట్టడాన్ని విడదీసి ఈ వ్యాధిని అధ్యయనం చేయడం కుదరదు.

పీచుపొరను పలచబరిచే ఇన్‌ఫ్లమేషన్‌కు, అంటే రోగనిరోధక కణాలు రేపే వాపుకు, స్వతంత్ర పాత్ర ఉందా అన్న ప్రశ్నకు 2017లో వెలువడిన ‘కాంటోస్’ అనే ఔషధ పరీక్ష గట్టి సమాధానం ఇచ్చింది. గుండెపోటు నుంచి బయటపడిన పదివేల మందికి పైగా పాల్గొన్న ఆ పరీక్షలో, కనాకినుమాబ్ అనే మందు ఎల్‌డీఎల్‌ను తగ్గించకుండానే, కేవలం ఇన్‌ఫ్లమేషన్‌ను అణచి, మళ్లీ గుండెపోటు వంటివి వచ్చే ముప్పును కొంత తగ్గించింది. కానీ ఆ మందు తీసుకున్నవారిలో ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. రోగనిరోధక వ్యవస్థను బలహీనపరచకుండా ధమని గోడలోని ఇన్‌ఫ్లమేషన్‌ను మాత్రమే తగ్గించడం ఎలాగన్నదే పరిశోధకుల ముందున్న కష్టమైన పని.